పిల్లకాయ వచ్చి చెప్పిన రోజు: స్కూల్లో, హాస్టల్లో, ఫోన్లో ఏడిపిస్తా ఉంటే ఏం చేయాల

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తా, మిగతాదంతా దాంట్లోంచి నేర్చుకున్నదే. మా అక్క కొడుకు అప్పుడు తొమ్మిదో క్లాసు, తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూలు. స్కూల్ ఆటోలో వెనక కూర్చునే ముగ్గురు పిల్లోళ్ళు రోజూ వీడి టిఫిన్ బాక్సు లాక్కోవడం, నల్లగా ఉండాడని ఒక పేరు పెట్టి పిలవడం, దిగేటప్పుడు కాలు అడ్డం పెట్టడం, ఇదే పని. నాలుగు నెలలు వాడు ఎవరికీ చెప్పలేదు, చివరికి నాకు చెప్పినాడు, మేనమామని కదా. నేనేం చేసినా అంటే మరుసటి రోజు బండేసుకుని పోయి ఆటో ఆగే చోట, టీ అంగడి ముందర, అందరూ చూస్తా ఉండగా ఆ ముగ్గుర్లో పెద్దోడి కాలర్ పట్టుకున్నా. చానా గొప్ప పని చేసినట్టు అనిపించింది. ఆ తర్వాత రోజు నుంచి క్లాసులో మావోడి పేరు "మామ" అయిపోయింది. "రేయ్ మామా, పోయి మామని పిల్చుకురా పోరా" అని ఏడాదంతా. పాత పేరు పోయి కొత్త పేరు వచ్చింది అంతే. ఇంటర్ కి పోయినాక గానీ వాడు ఈ సంగతి కూడా నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే అనిపిస్తాది, మన ఇళ్ళల్లో ఏడిపించినోడి కంటే ముందు చెప్పిన పిల్లకాయకే శిక్ష పడిపోతుంది. అమ్మాయి "ఇన్‌స్టాలో ఎవడో మెసేజ్లు పెడతా ఉండాడు" అంటే ఫోన్ పీక్కుంటాం. "బస్టాండు నుంచి వెనకాలే వస్తా ఉండాడు" అంటే కాలేజీ మాన్పిస్తాం, ఇంకొంతమంది సంబంధాలు చూడ్డం మొదలుపెడతారు. అబ్బాయి చెప్తే "నువ్వేం మగోడివిరా, రెండు పీకలేకపోయినావా" అంటాం. హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడిస్తే "అంత ఫీజు కట్టినాం, అందరూ ఉండడం లేదా" అంటాం. ఇదంతా వాళ్ళు చూస్తానే ఉంటారు కాబట్టే చెప్పరు. ఇక్కడ నేను రాసేదంతా ఈ ఒక్కటి కాకుండా ఎట్లా చూసుకోవాలి అనే.

సరదా ఏది, ఏడిపించడం ఏది

ఇద్దరు కొట్టుకుని సాయంత్రానికి మళ్ళా కలిసి క్రికెట్ ఆడితే అది కొట్లాట, దాంట్లో పెద్దోళ్ళు దూరాల్సిన పని లేదు. నార్వేలో డాన్ ఓల్వియస్ అని ఒక సైకాలజిస్టు 1970ల నుంచి దీని మీదే పని చేసినాడు, ఆయన చెప్పిన గుర్తులు మూడు: కావాలని చేయడం, మళ్ళా మళ్ళా చేయడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. బలం అంటే కండలే కాదప్పా, వాళ్ళ నాయన పలుకుబడి, వాళ్ళ వైపు ఎంతమంది ఉండారు, ఎవడి దగ్గర ఎవడి ఫొటో ఉంది, కులం పేరు ఎవడు ఎవడ్ని అనగలడు, ఇవన్నీ బలమే.

నాకైతే మన గంగమ్మ జాతరే గుర్తొస్తాది. జాతరలో వేషం కట్టినోళ్ళు బూతులు తిడతారు, తిట్టించుకున్నోళ్ళు నవ్వుతారు, ఎవరూ ఏమీ అనుకోరు, ఎందుకంటే అందరికీ తెలుసు అది జాతర అని, వేషం తీసేస్తే అయిపోయిందని. క్లాసులో జరిగేదానికి వేషం తీసే రోజు లేదు. "సరదాకి అన్నా సార్" అని ఎవడైనా అంటే అనిపించుకున్నోడు కూడా నవ్వినాడా, ఆపమంటే ఆపినారా, ఈ రెండే అడగండి.

వాళ్ళు చెప్పకముందే తెలిసేవి

సోమవారం పొద్దున కడుపునొప్పి, సెలవుల్లో ఉండదు. పెన్నులు, జామెట్రీ బాక్సులు వారానికొకటి పోవడం. ఇంటికొచ్చీ రాగానే ఆకలో ఆకలి అనడం, మధ్యాహ్నం బాక్సు ఎవరు తిన్నారో. ఫోన్ టింగ్ మంటే మొహం మారిపోవడం. రోజూ పోయే దారి వదిలేసి చుట్టు తిరిగి రావడం. ఇంకొకటి ఎవరూ గమనించరు, ఇంటికి రాగానే బ్యాగు విసిరేసి బాత్రూంకి పరిగెత్తడం, అంటే స్కూల్లో పొద్దున నుంచి పోలేదు. టీచర్లు రాని చోటు బాత్రూమే కాబట్టి చానా సంగతులు ఆడే జరుగుతాయి. మావోడు నాలుగు నెలలు నీళ్ళు తాగడం తగ్గించేసినాడు, మేం ఎండకి వాడిపోయినాడు అనుకున్నాం.

ఇవి ఉన్నంత మాత్రాన అదే అని కాదు, అడిగి చూడమని.

మొదటి పది నిమిషాలు

ఎదురుగా కూర్చోబెట్టి "ఏం జరిగిందో చెప్పు" అంటే ఎవడూ చెప్పడు. మొహం చూడకుండా ఉండే చోట చెప్తారు, బండి వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు వలిచేటప్పుడు, లైటు ఆపినాక. ఊరికే అలిపిరి దాకా బండి మీద ఒక రౌండు తీసుకుపోండి, కపిలతీర్థం కాడ కాసేపు కూర్చోండి, మీరే ముందు మీ స్కూల్లో మిమ్మల్ని ఏమని పిలిచేవాళ్ళో చెప్పండి.

మొదట చిన్నదే చెప్తారు. "పెన్ను లాక్కున్నారు" అంటారు. అది మనకి పెట్టే పరీక్ష. పెన్నుకే మనం ఊగిపోతే బాత్రూంలో జరిగింది చెప్పరు. కాబట్టి గుండె దడదడ కొట్టుకుంటా ఉన్నా మొహం మామూలుగా పెట్టుకుని "ఊ, తర్వాత?" అనండి. చెప్పడం అయినాక నాలుగు మాటలు చాలు. చెప్పి మంచి పని చేసినావు. తప్పు నీది కాదు. నీ ఫోను, నీ చదువు ఏదీ ఆగదు. నీకు చెప్పకుండా నేను ఎవరి దగ్గరికీ పోను. నాలుగోది నేను చెప్పుంటే మావోడికి మామ అనే పేరు వచ్చేది కాదు. కానీ "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయొద్దు, కొన్ని విషయాలు చెప్పకపోతే మనమే చట్టం ప్రకారం తప్పు చేసినట్టు, అది కింద రాస్తా. "ఎవరికి చెప్పాల్సి వచ్చినా ముందు నీకు చెప్తా" అనండి.

"నువ్వేం చేసినావు ముందు?" "ఇన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు?" ఈ రెండూ నోటి దాకా వస్తాయి, మింగేయండి. "పట్టించుకోవద్దు, వాళ్ళే ఆపేస్తారు" అనేది ఒకసారి అన్న మాటకి పనికొస్తుంది, నెలల తరబడి జరిగేదానికి పనికిరాదు, వాడు అన్ని నెలలు చేసింది అదే కదా. ఇక "తిరగబడి కొట్టు" అనే సలహా, ముగ్గురి మీద ఒకడు కొట్టలేడు, కొట్టినా టీచర్ కళ్ళకి పడేది ఎప్పుడూ రెండో దెబ్బే, టీసీ వచ్చేది మనోడికి.

నోటు పుస్తకం

ఒక పాత నోటు పుస్తకం తీసుకుని తారీఖు, టైం, చోటు, ఎవరు ఏం చేసినారు, ఏం అన్నారు అన్నది వాళ్ళ మాటల్లోనే, పక్కన ఎవరు ఉండారు, ఇంతే రాయండి. బూతు అయితే బూతే రాయండి, "అసభ్యంగా మాట్లాడినాడు" అని రాస్తే దాంతో ఏమీ తెలీదు. దెబ్బ ఉంటే ఫొటో. స్కూల్లో "ఎప్పుడో ఏదో అన్నారంట" అని కొట్టిపారేసేది రాత లేకనే.

ఫోన్లో అయితే డిలీట్ చేయకముందే స్క్రీన్‌షాట్, ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసి పెట్టుకోండి, ఎందుకంటే ఇన్‌స్టాలో పేరు రోజుకొకటి మార్చేస్తారు. ఆ తర్వాతే బ్లాక్. క్లాస్‌మేట్‌ని బ్లాక్ చేస్తే రేపు క్లాసులో దానికి ఇంకో రచ్చ అనుకుంటే "రిస్ట్రిక్ట్" అని ఒకటి ఉంది, వాడికి తెలీదు, వాడు పెట్టే కామెంట్లు వాడికే కనిపిస్తాయి, మెసేజ్లు రిక్వెస్టుల్లోకి పోతాయి. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగుల్లో గ్రూపుల్లో ఎవరు యాడ్ చేయొచ్చు అనేది "మై కాంటాక్ట్స్" కి మార్చేయండి, క్లాసోళ్ళు తిట్టడానికే పెట్టే గ్రూపులు సగం దాంతో తగ్గుతాయి. ఫోన్ మాత్రం పీక్కోవద్దు, మళ్ళా చెప్తా ఉండా.

స్కూలుకి పోయేటప్పుడు

ఇద్దరు పోండి, ప్రేయర్ టైంలో కాకుండా సాయంత్రం పోండి, ముందు క్లాస్ టీచర్ దగ్గరికి. అవతలి పిల్లోడి ఇంటికి పోవద్దు, నా సంగతి చూసినారు కదా. ఆ పిల్లోడికి టీసీ ఇవ్వమని అడగొద్దు, అడిగితే మాట అంతా దాని మీదకి పోయి మనం వచ్చిన పని పక్కకి పోతుంది. చేయగలిగేది అడగండి. ఆటోలో మావాడ్ని ముందు సీట్లో డ్రైవరన్న పక్కన కూర్చోబెట్టండి. ఇంటర్వెల్లో బాత్రూం కాడ ఎవరు నిలబడతారు? లంచ్‌లో ఏ సార్ ఉంటారు? మళ్ళా ఎన్నో తారీఖున కలుద్దాం? ఈ ఆఖరి ప్రశ్న మర్చిపోవద్దు.

ప్రిన్సిపాల్ సార్ మామూలుగా ఏం చేస్తారంటే ఇద్దర్నీ రూముకి పిలిపించి "సారీ చెప్పురా, షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అంటారు. కొట్లాటకైతే బాగానే ఉంటుంది. ఏడిపించేదానికి ఇది పెట్టొద్దని గట్టిగా చెప్పండి, భయపడే పిల్లకాయ ఆ రూములో "ఏం లేదు సార్" అనేస్తాడు, బయటికొచ్చినాక రెండింతలు పడుతుంది. విడివిడిగా మాట్లాడమనండి.

నోటి మాటతో పని కాకపోతే తెల్లకాగితం మీద రాసి రెండు కాపీలు, ఒకటి వాళ్ళకి, రెండో దాని మీద సీలు, సంతకం, తేదీ వేయించుకోండి. సీలు పడిన రోజు నుంచి స్కూలు గొంతు మారుతుంది, నా కళ్ళతో చూసినా. అప్పటికీ కదలకపోతే ఎంఈఓ (మండల విద్యాశాఖ అధికారి), డీఈఓ (జిల్లా విద్యాశాఖ అధికారి), ఇంటర్ అయితే ఇంటర్మీడియట్ బోర్డు జిల్లా ఆఫీసు, సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. మనలో చానామంది ఇప్పటికీ చిత్తూరు అనుకుంటారు గానీ 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా, చంద్రగిరి, శ్రీకాళహస్తి వాళ్ళు తిరుపతి కలెక్టరేట్‌కే పోవాలి.

కొట్టేది, హేళన చేసేది సారే అయితే? విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ వద్దని చెప్తుంది. "మా కాలంలో ఈత బెత్తాలు విరిగేవి" అనే పెద్దోళ్ళకి ఇది చూపించండి, వినరు, అయినా చూపించండి.

హాస్టల్

మన దగ్గర ఇంటర్ అంటే సగం మందికి హాస్టలే. ఆదివారం వార్డెన్ ఫోన్ నుంచి ఐదు నిమిషాలు, వార్డెన్ పక్కనే నిలబడి ఉంటాడు, పిల్లకాయ ఏం చెప్తాడు? చేర్పించే రోజే ఒక మాట ఒప్పందం చేసుకోండి. మా ఇంట్లో "ఊరిబిండి (రోటి పచ్చడి) పంపించు" అంటే వెంటనే రండి అని అర్థం. "ఊరిబిండి అయిపోలేదు" అంటే బాగానే ఉండా అని. వార్డెన్‌కి ఏం తెలుస్తుంది. ఆ మాట వచ్చిన రోజు పరీక్షలు ఉన్నా, రాత్రి అయినా, పోవాల్సిందే, ఒకసారి పోకపోతే ఆ మాట ఇంకెప్పుడూ రాదు.

ఇంజినీరింగ్, డిగ్రీకి పోయినాక ఇదే ర్యాగింగ్ అవుతుంది, మన రాష్ట్రంలో 1997లోనే దానికి చట్టం వచ్చింది, 1800-180-5522 దేశం మొత్తానికి ర్యాగింగ్ హెల్ప్‌లైన్.

వెంటపడడం, తాకడం, ఫొటోలు

గంగమ్మ కథే తీసుకోండి, ఊర్లో ఆడపిల్లల మీద పడే పాలెగాడిని అమ్మ వెంటాడింది, వాడు దాక్కుంటే వేషాలు మార్చి మార్చి తిరిగి, ఆఖరికి దొర వేషంలో వాడ్ని బయటికి రప్పించి చంపింది. ఏటా ఆ వేషాలే మనం కట్టేది. ఆ కథలో ఊరోళ్ళు పిల్లల్ని ఇంట్లో పెట్టి తలుపులు వేసుకుని ఊరుకున్నారని ఎవరూ చెప్పరు, మనం మాత్రం ఎస్వీ యూనివర్సిటీ రోడ్డులో ఎవడో వెంటపడితే పిల్లని ఇంట్లో పెట్టి తలుపేస్తాం.

వద్దని చెప్పినా వెంటపడడం, మళ్ళా మళ్ళా మెసేజ్లు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. పద్దెనిమిది నిండని పిల్లల్ని, ఆడపిల్ల అయినా మగపిల్లోడు అయినా, చెడు ఉద్దేశంతో తాకడం, వెంటపడడం, అసభ్యమైనవి చూపించడం పోక్సో చట్టం 2012 (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కిందకి వస్తుంది. తెలిసినోళ్ళు పోలీసులకి చెప్పాల్సిందే, స్కూలు పెద్దలు దాస్తే వాళ్ళకి ఏడాది దాకా జైలు. పైన ఒట్టు వేయొద్దన్నది ఇందుకే. "మా స్కూలు పేరు పోతుంది, మాట్లాడుకుందాం" అంటే ఈ మాట చెప్పండి.

పిల్లని స్టేషన్‌కి తిప్పాల్సిన పని లేదు, వాంగ్మూలం ఇంటికాడే, వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి అని చట్టంలోనే ఉంది. ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు, రేణిగుంటలో జరిగిందని తిరుచానూరులో తిప్పి పంపకూడదు. స్టేషన్ అంటే భయమైతే మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో మహిళా పోలీసుని ముందు కలవండి. 1098 హెల్ప్‌లైన్ పిల్లల కోసమే, పగలు రాత్రి పలుకుతుంది, పిల్లకాయే సొంతంగా చేసుకోవచ్చు. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112.

చేసినోడు కూడా మైనరే అయితే, పదహారు దాటినోడు చానా ఘోరమైన నేరం చేస్తే తప్ప, వాడు జైలుకి పోడు, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి పోతాడు, కాబట్టి "పిల్లోడి జీవితం పాడైపోతుంది కేసు వద్దు" అని చుట్టాలు వస్తే ఇది చెప్పండి. అదే టైంలో మగపిల్లల ఇళ్ళల్లో కూడా చెప్పాల్సిన మాట ఒకటి, పద్దెనిమిది లోపు "ఆ అమ్మాయి ఒప్పుకునింది" అనేది చట్టం దగ్గర చెల్లదు.

ఫొటో పెట్టుకుని బెదిరిస్తా ఉంటే డబ్బులు పంపొద్దు, ఒకసారి పంపితే మళ్ళా అడుగుతాడు. చాట్ తీసేయొద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఆడపిల్లలు, పిల్లల మీద నేరాలకి వేరే భాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేయొచ్చు. "టేక్ ఇట్ డౌన్" అని అమెరికా సంస్థ ఉచితంగా నడిపే సర్వీసు ఉంది, పద్దెనిమిది లోపు తీసిన అట్లాంటి ఫొటోకి మన ఫోన్లోనే వేలిముద్ర లాంటి ఒక నంబర్ తయారవుతుంది, ఫొటో ఎక్కడికీ పోదు, ఆ నంబర్ పట్టుకుని ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివి ఆ ఫొటోని వెతికి తీసేస్తాయి. చాట్లలో చేతులు మారేది దీంతో ఆగదు. ఇంకో జాగ్రత్త, మైనర్ నగ్న ఫొటోని "ప్రూఫ్" అని మామకి, బాబాయికి ఫార్వర్డ్ చేయొద్దు, అది మళ్ళా మన మీదే కేసు. లింకు, పేరు, టైం రాసుకుని ఫోన్‌ని పోలీసులకి చూపించండి.

ఇది పిల్లకాయలు చదవాల్సింది

రేయ్, మీరు చేసేవాళ్ళు కాదు, పడేవాళ్ళు కాదు, పక్కన నిలబడి చూసేవాళ్ళు. కెనడాలో స్కూల్ గ్రౌండ్లలో కెమెరాలు పెట్టి చూసిన స్టడీ ఒకటి 2001లో వచ్చింది. ఏడిపించే సంఘటనల్లో 88 శాతం వాటిల్లో మిగతా పిల్లలు పక్కనే ఉండారు. అడ్డం పోయింది 19 శాతంలోనే. అట్లా పోయినప్పుడు మాత్రం 57 శాతం సార్లు పది సెకన్లలోపే ఆగిపోయింది. పది సెకన్లు రా, ఒక రీల్ అంత కూడా కాదు.

ఫైటింగ్ చేయమనడం లేదు. "రేయ్ వాడ్ని సార్ పిలుస్తా ఉండాడు రా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేయ్, అబద్ధమే, పర్వాలేదు. నవ్వొద్దు, వీడియో తీసి గ్రూపులో పెట్టొద్దు, వాడికి కావాల్సింది ఆ నవ్వే. అప్పుడు ధైర్యం చాలకపోతే సాయంత్రం పోయి "నేను చూసినా, తప్పు వాడిదే" అని పడినోడికి చెప్పు, మావోడికి ఆ ఏడాదంతా అట్లా చెప్పింది ఒకే ఒక్క అమ్మాయి, ఇప్పటికీ ఆ పేరు చెప్తాడు. టీచర్‌కి చెప్తే చాడీలు చెప్పినట్టు కాదు, చాడీ అంటే ఒకడిని ఇరికించడానికి చెప్పేది.

మనోడే ఏడిపిస్తా ఉంటే

స్కూలు నుంచి ఫోన్ వస్తే మొదటి మాట "మావాడు అట్లాంటోడు కాదండీ". అందరం అంతే. వినండి, రాసుకోండి, ఇంటికొచ్చి బెల్టు తీయొద్దు, బలం ఉన్నోడు కొట్టొచ్చు అనే పాఠం వాడికి ఇప్పటికే వచ్చు. లాక్కున్నది తిరిగి ఇప్పించండి, పగలగొట్టింది వాడి పాకెట్ మనీతో కొనిపించండి, నెల రోజులు ఆ ఆటో మాన్పించి మీరే దింపండి. ఇంట్లో నల్లోడా, పొట్టోడా, లావోడా అని ఎవరు ఎవర్ని పిలుస్తా ఉండారో ఒక వారం వినండి. మా ఇంట్లో వింటే మా అమ్మ నోటే సగం పేర్లు వచ్చినాయి, ఆమెకి చెప్పడం స్కూలుకి పోవడం కంటే కష్టమైంది.

వెంటనే చేయాల్సిన ఒక సందర్భం

"నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వస్తే నేరుగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తా ఉందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగులమందు, మాత్రలు తీసేయండి, 14416 టెలిమానస్‌కి (ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, పొద్దున్నే రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకుపోండి. పిచ్చోళ్ళ ఓపీ అని ఎవరన్నా అంటే అననీయండి.

ఆ తర్వాత

కంప్లైంట్ ఇచ్చినాక మొదటి రెండు మూడు వారాలు జాస్తి కష్టం, అవతలోళ్ళు కసి మీద ఉంటారు. రోజూ "ఈరోజు ఏమైనా చేసినారా" అని అడిగితే పిల్లకాయకి అది ఇంకో పరీక్ష అవుతుంది, శనివారం సాయంత్రం ఒక్కసారి అడగండి, నోటు పుస్తకంలో రాయండి, స్కూలు వాళ్ళు చెప్పిన తారీఖుకి పిలవకపోయినా పోండి. ఆటో డ్రైవరన్నకి అప్పుడప్పుడు ఒక టీ ఇప్పించండి, స్కూల్లో ఎవరికీ తెలియనివి ఆయనకి తెలుసు.